మధ్యలో ఆడేవాడు

ఫుట్‌బాల్ ఆట చూచి ఇంటికి వచ్చినవాణ్ణి "ఈ రోజు ఎవరు బాగా ఆడారు?" అని అడిగితే గోలు కొట్టినవాని పేరు చెప్తాడు. ఇంకా కొంచెం గుచ్చి అడిగితే గోలు పడకుండా ఆపిన గోల్‌కీపరు పేరు చెప్తాడు. ఈ ఇద్దరి నడుమ తొంభై నిమిషాలు మైదానమంతా తిరిగి, బంతిని ఒకరి దగ్గర పుచ్చుకొని మరొకరికి అందించినవాని పేరు అతని నోట రాదు. ఒకవేళ వచ్చినా "వాడు ఈ రోజు ఎక్కడా కనబడలేదు" అనే మాటతోనే వస్తుంది.

ఆ కనబడనివాణ్ణి గురించే ఈ నాలుగు మాటలు. వెనుకటి రోజుల్లో అతన్ని హాఫ్‌బ్యాక్ అనేవారు; ఇప్పుడు మిడ్‌ఫీల్డర్ అంటున్నారు. మన కోవిల్‌పట్టి వారికి ఈ సంగతి బొత్తిగా కొత్త కాదు. హాకీకి పేరు పడిన ఊరు గదా! సెంటర్ హాఫ్ తడబడితే జట్టంతా తడబడుతుందని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫుట్‌బాల్‌లోనూ అంతే. అయితే మధ్యలో ఆడేవాడు రాణించటం, రాణించకపోవటం అతని కాలి నేర్పు మీద మాత్రమే ఆధారపడి వుండదు. జట్టును ఎలా అమర్చారు, బంతిని తమ దగ్గర ఎక్కడ వుంచుకుంటున్నారు, ఎందుకు వుంచుకుంటున్నారు అనే సంగతుల మీద చాలావరకు ఆధారపడి వుంటుంది. ఈ లెక్క తెలియకపోతే మంచి ఆటగాణ్ణి పనికిరానివాడని పక్కకు నెట్టివేస్తాము. ఎట్టయాపురంలో గాని, విరుదునగరంలో గాని, మన ఇంటి పిల్లవాడొకడు పాఠశాల జట్టులో మధ్యన ఆడుతూ వుంటే ఆ నష్టం మన ఇంటికే.

రెండు నిమిషాల లెక్క

ముందుగా ఒక చిన్న కూడిక తీసివేత. ఆట తొంభై నిమిషాలు. బంతి గీత దాటిపోవటం, ఫౌళ్ళు, దెబ్బలు తగిలి ఆగటం అన్నీ తీసివేస్తే బంతి నిజంగా ఆటలో వుండేది సుమారు 55 నుండి 60 నిమిషాలు. మైదానంలో వున్నవారు 22 మంది. పంచి చూడండి, తలకు మూడు నిమిషాలు కూడా రావు. బంతి ఎవరి కాలికీ అంటకుండా ఒకరి నుండి ఒకరికి ప్రయాణం చేసే కాలం కూడా తీసివేస్తే, ఒక్కొక్కరికి మిగిలేది రెండు నిమిషాలో, ఇంకా తక్కువో.

మరి తక్కిన ఎనభై ఎనిమిది నిమిషాలు ఏమి చేస్తున్నట్టు? నడుస్తాడు, పరుగెత్తుతాడు, నిలబడి చూస్తాడు, తోటివానికి చోటు చేస్తాడు, ఎదిరివానికి దారి మూస్తాడు. పై తరగతి ఆటలో మిడ్‌ఫీల్డర్ ఒక్క ఆటకు పది నుండి పన్నెండు కిలోమీటర్ల దాకా తిరుగుతాడు. ఎట్టయాపురం నుండి కోవిల్‌పట్టికి వున్న దారిలో ముప్పాతిక వంతు అనుకోండి. అదీ తిన్నగా పోయే నడక కాదు. వంకర టింకరగా, ఆగి, తిరిగి, ఉరికి పోయే దారి. జట్టులో తక్కిన చోట్ల ఆడేవారి కంటె సాధారణంగా ఇతనికే తిరుగుడు ఎక్కువ. కనుక మిడ్‌ఫీల్డర్‌ను బంతి దగ్గర వున్న రెండు నిమిషాలను బట్టి తూచటం, వంటమనిషిని వడ్డించిన గరిటెను బట్టి తూచినట్టు వుంటుంది.

అమరిక మారితే మనిషి మారతాడు

నూరేళ్ళ క్రిందట జట్లు 2-3-5 అనే అమరికలో ఆడేవి. వెనుక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు ఐదుగురు. మధ్య ముగ్గురిలో నడిమివాడు సెంటర్ హాఫ్. ఆటకు పెద్దదిక్కు అతనే. 1925లో ఆఫ్‌సైడు నిబంధన మారింది. అంతవరకు ముందుకు పోయిన ఆటగానికీ గోలు గీతకూ నడుమ ఎదిరి జట్టువారు ముగ్గురు వుండవలసి వచ్చేది. ఇక ఇద్దరు చాలునన్నారు. గోల్స్ కుప్పలుగా పడసాగాయి. అప్పుడు ఇంగ్లండులో ఆర్సెనల్ జట్టు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను వెనుకకు దించి మూడవ బ్యాకుగా నిలిపాడు. ముందువరుసలోని ఇద్దరిని కొంచెం వెనుకకు లాగాడు. కాగితం మీద చుక్కలు పెట్టి గీతలు కలిపితే ఇంగ్లీషు అక్షరాలు డబ్ల్యూ, ఎం కనబడతాయి గనుక దానికి ఆ పేరే వచ్చింది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటే. సెంటర్ హాఫ్ మనిషి మారలేదు. అతని కాళ్ళు మారలేదు. అయినా నిన్నటిదాకా ఆటను నడిపినవాడు, ఈ రోజు గోలు ముందు కావలివాడయ్యాడు. నిన్న అతనిలో మెచ్చుకున్న గుణాలు ఈ రోజు అక్కరకు రాలేదు.

ఇంకొక ఉదాహరణ. 1953 నవంబరు 25వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానంలో హంగేరీ జట్టు ఇంగ్లండును 6-3తో ఓడించింది. బ్రిటిష్ దీవుల బయటి జట్టు చేతిలో స్వంత గడ్డ మీద ఇంగ్లండు ఓడటం అదే మొదటిసారి. హంగేరీ సెంటర్ ఫార్వర్డు హిడెగ్‌కుటి ముందువరుసలో నిలబడక మధ్యకు దిగి ఆడాడు. ఇంగ్లండు సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్‌కు దిక్కు తోచలేదు. అతని వెంట పోతే వెనుక ఖాళీ; పోకుంటే అతనికి బంతితో కావలసినంత తీరిక. హిడెగ్‌కుటి మూడు గోల్స్ కొట్టాడు. జాన్‌స్టన్ సామాన్యుడు కాడు. 1951లో ఆ దేశపు పత్రికలవారు ఆ ఏటి ఉత్తమ ఆటగాడుగా ఎన్నుకున్నవాడు. కాని ఆ రోజు తరువాత అతను మళ్ళీ ఇంగ్లండు తరఫున ఆడనే లేదు. అమరిక వేసిన చిక్కుముడికి శిక్ష మనిషికి పడింది.

హైదరాబాదు మాస్టరు

ఈ పాఠాన్ని మన దేశంలో అందరికంటె ముందు ఒంటబట్టించుకున్నవారు హైదరాబాదు వారు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు, బడిపంతులుగా పనిచేశారు. తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950వ దశకం మొదటి నుండి భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. ఆయన కథతో 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా కూడా వచ్చింది. మన పిల్లలు కొందరు చూచే వుంటారు.

1952 హెల్సింకీ ఒలింపిక్సులో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. బూట్లు లేకపోవటమే ఓటమికి కారణమని చాలామంది అన్నారు. అది నిజమే గాని, సగం నిజం. బంతిని తన దగ్గర వుంచుకొని ఒక్కడే తప్పించుకుంటూ పోవటంలో మనవాళ్ళు నేర్పరులు; బంతి పోయిన మరుక్షణం ఎవరు ఎక్కడ నిలబడాలో తెలియదు. రహీం సాహెబు రెండవదాన్ని సరిదిద్దటానికి పూనుకున్నారు. డ్రిబ్లింగ్ చేయరాదనే షరతుతో పోటీలు పెట్టారు. అలవాటు లేని కాలితోనే తన్నాలనే షరతుతో మరికొన్ని పోటీలు పెట్టారు. చూడటానికి ఇది పిల్లలాట. కాని డ్రిబ్లింగ్ లేదంటే, బంతి కాలికి రాకముందే దాన్ని ఎవరికి పంపాలో చూచుకొని వుండవలసిందే. రెండవ కాలు కూడా పనిచేస్తే, ఎటు తిరిగి వున్నా పంపగలడు. మిడ్‌ఫీల్డర్‌కు కావలసిన విద్యలు ఈ రెండే.

హంగేరీ పద్ధతిని కూడా ఆయన మన జట్టుకు అనువుగా దిద్దుకున్నారు. ముందువరుసలో ఒకరిని వెనుకకు దించి, మధ్యలో హాఫ్‌బ్యాకులకు తోడు చేశారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచి లోకానికి చూపిన 4-2-4 అమరికకు దగ్గరి ఆటను రహీం సాహెబు అంతకు ముందే ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర వ్రాసినవారు చెప్తారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సు నాటికి జట్టులో హైదరాబాదు వారు చాలామంది వున్నారు: హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్, వెనుక అజీజుద్దీన్, ముందు జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. మైసూరు ప్రాంతపు కెంపయ్య మరొక హాఫ్. మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీ ఫైనలులో మళ్ళీ ఆ యుగోస్లావియాయే ఎదురుపడింది. మొదటి గోలు మనదే! చివరకు 4-1తో ఓడినా, నాలుగేండ్ల క్రిందటి పదికీ ఈ నాలుగుకూ వున్న తేడా ఉత్త బూట్ల తేడా కాదు. మనకు ఆ ఏడు నాలుగవ స్థానం వచ్చింది.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనలు. మొదటి ఆటలో మనను 2-0తో ఓడించిన దక్షిణ కొరియాతోనే మళ్ళీ పోటీ. వెనుక ఆడే జర్నేల్ సింగుకు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇతర శిక్షకులైతే అతన్ని కూర్చోబెట్టేవారు. రహీం సాహెబు అతన్ని ముందువరుసలో నిలిపారు. మనవాళ్ళు 2-1తో గెలిచారు. గోల్స్ పి.కె. బెనర్జీ, జర్నేల్ సింగులవి. వారి పేర్లు అందరికీ తెలుసు. మధ్యలో ఫ్రాంకో, ప్రశాంత సిన్హా ఆడారు. హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ముందుకూ మధ్యకూ నడుమ తిరిగాడు. లక్షకు దగ్గరగా వున్న జనం మనవారికి వ్యతిరేకంగా అరుస్తూ వుంటే, కొరియావారి వేగాన్ని మధ్యలో అడ్డుకొని నిలిచిన ఈ పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి? రహీం సాహెబు మరుసటి ఏడు, 1963 జూన్ 11న, కేన్సరుతో కన్నుమూశారు.

బంతి మన దగ్గర వుంటే చాలునా?

ఇక రెండవ సంగతి. ఈ రోజుల్లో టెలివిజనులో ఆట చూస్తే తెర మూలన 'పొసెషన్' అని ఒక శాతం చూపుతారు. బంతి ఏ జట్టు దగ్గర ఎంత వున్నదనే లెక్క అది. చాలావరకు పాసులను లెక్కించి కట్టే లెక్క. దీన్ని చూచి "డెబ్బై శాతం బంతి మన దగ్గరే వున్నా ఓడిపోయామే!" అని ఆశ్చర్యపోతాము.

ఆఫీసులో పనిచేసేవారికి ఇందులో ఆశ్చర్యం వుండదు. ఒక ఫైలు ఒక గుమాస్తా బల్ల మీద పదిరోజులు వున్నదంటే, పదిరోజులు పని జరిగిందని అర్థం కాదు. నాలుగు బల్లలు తిరిగి మళ్ళీ మొదటి బల్లకే వచ్చినా అంతే. అర్జీ పెట్టుకున్నవానికి కావలసినది ఉత్తరువు. ఫైలు ఉత్తరువు వైపు ఒక అడుగు వేసిందా లేదా అన్నదే ప్రశ్న. అయితే ఒక్కొక్కసారి ఫైలును ఊరికే తొందరపెట్టి తప్పు బల్లకు పంపటం కంటె ఒక పూట ఆపి వుంచటమే మేలు. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పంపాలో తెలిసినవాడే మంచి గుమాస్తా. మంచి మిడ్‌ఫీల్డరూ అంతే.

స్పెయిన్ జట్టు కథ దీనికి చక్కని తార్కాణం. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్పును వాళ్ళు గెలిచారు. మధ్యలో జావీ, ఇనియెస్టా, బుస్కెట్స్. చిన్న చిన్న పాసులతో బంతిని తమ దగ్గరే తిప్పుతూ ఎదిరివాళ్ళను పరుగెత్తించి అలసిపోజేయటం వారి పద్ధతి. రెండవ ఘట్టం నుండి ఫైనలు దాకా నాలుగు ఆటలూ 1-0తోనే గెలిచారు. ఫైనలులో అదనపు సమయంలో 116వ నిమిషాన ఇనియెస్టా గోలు కొట్టాడు. లోకమంతా ఇదే ఫుట్‌బాల్ అన్నది.

ఎనిమిదేండ్లకు, 2018లో, ఆ స్పెయినే రష్యాతో ఆడి వెయ్యికి పైగా పాసులు ఇచ్చింది. ఆట 1-1తో ముగిసి, పెనాల్టీలలో 4-3తో ఓడిపోయింది. 2022లో జపాన్ సుమారు 18 శాతం బంతితోనే స్పెయినును 2-1తో ఓడించింది. ఆ వెంటనే మొరాకోతో మళ్ళీ వెయ్యి పాసులు, ఒక్క గోలు లేదు. పెనాల్టీలు మూడూ తప్పాయి. ఈ అన్ని ఆటల్లోనూ మధ్యలో వున్నవాడు బుస్కెట్సే. 2010లో అతని పక్కపాసును నిదానమన్నవారే, 2022లో అదే పాసును మందకొడితనమన్నారు.

వయస్సు కొంత మార్పు తెచ్చి వుంటుంది. కాని అసలు మార్పు ఎదిరివాళ్ళలో వచ్చింది. బంతి కోసం ముందుకు ఉరకటం మానివేసి, ఎనిమిది తొమ్మిది మంది గోలు ముందు దగ్గర దగ్గరగా కోటకట్టి నిలబడటం నేర్చుకున్నారు. వారి ముందు ఎన్ని పాసులు ఇచ్చినా, వీధి తలుపు తెరవనివాని ఇంటి ముందు అటూ ఇటూ తిరిగినట్టే. ఆ కోటను పగలగొట్టాలంటే, బంతి ఎడమ నుండి కుడికి పోయేటంతలో ఎదిరివరుస జరిగే జాప్యంలో, ఒక్క క్షణం తెరుచుకొనే సందులోంచి ముందుకు పంపాలి. ఆ సందులోకి పరుగెత్తేవాడు ముందు ఒకడు వుండాలి. పరుగెత్తేవాడే లేకపోతే మధ్యలోనివాడు ఎవరికి పంపుతాడు? వెనుకకో పక్కకో పంపుతాడు. చూచేవారు "వీనికి ధైర్యం లేదు" అంటారు.

బంతి తక్కువగా వుండే జట్టులోనూ మిడ్‌ఫీల్డర్ రాణించవచ్చు. 2015-16లో ఇంగ్లండులో లెస్టర్ సిటీ అనే చిన్న జట్టు పెద్ద జట్లన్నిటినీ వెనుకకు నెట్టి లీగు గెలిచింది. చాలా ఆటల్లో బంతి ఎదిరివారి దగ్గరే ఎక్కువ. మధ్యలో కాంటే అనే పొట్టివాడు ఆ బంతిని లాక్కొని వెంటనే ముందుకు పంపేవాడు. ముందు వార్డీ, మారెజ్ ఉరికేవారు. మరుసటి ఏడు కాంటే చెల్సీ జట్టుకు పోయాడు. ఆ ఏడు లీగు చెల్సీదే. అదే కాంటేకు గోలు ముందు కోటను పాసులతో పగలగొట్టే పని మాత్రమే అప్పగించి వుంటే ఆ పేరు వచ్చేదా అన్నది ఆలోచించవలసిన మాట.

శరీరానికి పడే శ్రమ విషయంలో కూడా ఒక సంగతి గమనించదగినది. బంతి ఎక్కువగా వున్న జట్టులోని మిడ్‌ఫీల్డర్ తక్కువ పరుగెత్తుతాడని మనం అనుకుంటాము. మొత్తం దూరం కొలిస్తే పెద్ద తేడా వుండదు. తేడా పరుగు రకంలో. ఒకడు బంతి కోసం చోటు వెతుక్కుంటూ, బంతితోనూ పరుగెత్తుతాడు; మరొకడు బంతి వెంట పరుగెత్తుతాడు. రెండవది మనస్సును కూడా అలసటపెడుతుంది. ఇక ఎదిరివారు మధ్యలో ముగ్గురిని పెట్టి మనం ఇద్దరినే పెట్టామనుకోండి. వారిలో ఒకడు ఎప్పుడూ ఖాళీగా దొరుకుతాడు. మన ఇద్దరూ ముగ్గురి పని చేస్తూ, చివరి ఇరవై నిమిషాలకు కాళ్ళు ఈడుస్తారు. అప్పుడు గోలు పడుతుంది. నింద ఆ ఇద్దరి మీద పడుతుంది. ఇద్దరినే పెట్టినవారి మీద పడదు.

మన పిల్లలను ఎలా చూడాలి?

ముత్తుస్వామి దీక్షితులు చివరి దినాలు గడిపి 1835లో కన్నుమూసిన ఊరు ఎట్టయాపురం. కచ్చేరీలో కాలప్రమాణం అంటే ఏమిటో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. పాట నిదానంగా సాగాలా, పరుగు పట్టాలా అన్నది తప్పితే ఎంత మంచి గొంతు అయినా వ్యర్థమే. ఫుట్‌బాల్ జట్టులో కాలప్రమాణం పట్టేవాడు మిడ్‌ఫీల్డర్. కనుక మీ పిల్లవాడు మధ్యలో ఆడుతూ వుంటే ఈ నాలుగు సంగతులు చూడండి.

బంతి తన దగ్గరకు రాకముందు తల తిప్పి అటూ ఇటూ చూస్తున్నాడా? బంతిని ఆపే మొదటి తాకిడిలోనే అది తాను పోదలచిన వైపుకు తిరుగుతున్నదా? పాసు ఇచ్చిన తరువాత నిలబడిపోతున్నాడా, మళ్ళీ పుచ్చుకోవటానికి వీలైన చోటుకు జరుగుతున్నాడా? బంతి పోయినప్పుడు చేతులు నడుముకు పెట్టుకుంటున్నాడా, వెంటనే వెనుకకు మొదటి అడుగు వేస్తున్నాడా? ఈ నాలుగూ వుంటే వాడు గోలు కొట్టకపోయినా మంచి ఆటగాడే. ఇవి వుండి కూడా రాణించకపోతే, వాణ్ణి తిట్టేముందు, వానికి ఇరుపక్కల ఎంతమందిని నిలిపారో, వాని ముందు పరుగెత్తేవారు ఎవరున్నారో చూడాలి.

పోలీసు, రైల్వే, బ్యాంకు జట్ల ద్వారా ఆటగాళ్ళకు ఉద్యోగాలు దొరికిన దేశం మనది. జట్టుకు మనిషిని ఏరేటప్పుడు కళ్ళు గోలు కొట్టినవాని మీదికే పోతాయి. మధ్యలో ఆడేవాని తరఫున మాట్లాడేవాడు ఒకడు మైదానం పక్కన లేకపోతే, వాడు ఇంటికి వచ్చి బూట్లు మూలన పడవేస్తాడు. అలా పోయినవారి పేర్లు ఏ చరిత్రలోనూ వుండవు.

1960 రోము తరువాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్సులో మళ్ళీ ఆడలేదు. ఆసియా క్రీడల్లో బంగారం 1962తోనే ఆగింది; 1970లో హైదరాబాదు నయీముద్దీన్ నాయకత్వంలో వచ్చిన కంచు పతకమే చివరిది. దీనికి కారణాలు అనేకం. కాని ఒక బడిపంతులు, బంతి లేనప్పుడు ఏమి చేయాలో నేర్పినంత కాలం మన జట్టు పెద్ద జట్ల ఎదుట నిలిచిందన్నది మాత్రం రుజువైన మాట.

ఈసారి ఆట చూడటానికి పోయినప్పుడు ఒక పది నిమిషాలు బంతిని వదిలిపెట్టి మధ్యలో ఆడేవాణ్ణి చూడండి. ఆట అయిన తరువాత వాని పేరు కనుక్కొని, ఇంటికి వచ్చి ఒకసారి చెప్పండి.